పెరూ దేశపు మమత

విదేశీ విద్యా ప్రోత్సాహక మండలి వారికి ఒక సోమవారం పొద్దున్నే విశ్వమైత్రి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఎందుకు పుట్టిందని ఎవరూ అడగలేదు. మండలి వారి ప్రేమలన్నీ అలాగే పుడతాయి, అలాగే పోతాయి. అంతకు ముందు ఏడాది వాళ్లకు పచ్చదనం మీద ప్రేమ పుడితే, మంచు దేశాల్లో చదువుకునే పిల్లల చేత కూడా కరివేపాకు మొక్కలు నాటించారు. మొక్కలు చచ్చాయి, ప్రేమా చల్లారింది. ఈసారి వచ్చిన ఉత్తర్వు అంత తేలిగ్గా చచ్చే రకం కాదు. మండలి ఖర్చు మీద విదేశాల్లో చదివే ప్రతి విద్యార్థీ ఏడాది తిరిగేలోగా ఒక విదేశీయుడితో గాఢమైన స్నేహం చేసి తీరాలి. చేయలేని వాళ్లను చదువు మాన్పించి వెనక్కి పిలిపిస్తారు. గాఢమైన స్నేహమంటే ఏమిటో తెలియక పిల్లలు ఇబ్బంది పడతారేమోనని అది కూడా అందులోనే రాశారు. "పరస్పర ఇష్టముతో, ఎట్టి ఒత్తిడియు లేకుండా, గడువులోగా తప్పనిసరిగా ఏర్పడవలసిన సంబంధము."

ఉత్తర్వు తారమిక్ అనే ఊరికి చేరేసరికి అక్కడ మంచు కురుస్తోంది. చుట్టూ కొండలు, మధ్యలో ఒక మైదానం, ఆ మైదానంలో ఒక అంతర్జాతీయ వైద్య విశ్వవిద్యాలయం. దాని ప్రచార పుస్తకం అట్ట మీద రకరకాల దేశాల పిల్లలు ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని నవ్వుతుంటారు. ఆ బొమ్మ చూసి చేరిన వాళ్లంతా తెలుగు వాళ్లే. బొమ్మలోని పిల్లలు ఎప్పుడు చదువు ముగించుకుని వెళ్లిపోయారో అక్కడ ఎవరికీ తెలియదు. ఇంగ్లీషులో చెప్పే క్లాసుల్లో ఏ బెంచీ చూసినా తెలుగే, మెస్సులో ఏ బల్ల దగ్గర విన్నా తెలుగే. ఆ దేశపు పిల్లలు వీధి అవతలి భవనంలో వాళ్ల భాషలో చదువుకుంటారు.

ఆ తెలుగు పిల్లల్లో దాదాపు అందరూ సొంత ఖర్చుతో వచ్చినవాళ్లు. మండలి పంపింది మాత్రం ముగ్గురిని. టెక్కలి నుంచి ఢిల్లీశ్వరి, జగిత్యాల నుంచి మమత, జమ్మలమడుగు నుంచి ఓబులేసు. రాష్ట్రం రెండుగా చీలినప్పుడు అన్నీ పంచుకున్నారు గాని, ఈ మండలి ఒకటి ఉందన్న సంగతి రెండు వైపులా ఎవరికీ గుర్తు రాలేదు. అందుచేత అది ఉమ్మడిగానే మిగిలిపోయి, రెండు చోట్లా పిల్లలను ఎంపిక చేస్తోంది. విమానాశ్రయంలో మండలి వారి పసుపు టోపీలు పెట్టుకుని ఫొటో దిగేదాకా ఆ ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు. మమత మాటల్లో సగం ఢిల్లీశ్వరికి అర్థమయ్యేవి కాదు. ఢిల్లీశ్వరి మాటలైతే ఓబులేసుకు అసలే అర్థమయ్యేవి కాదు. ఓబులేసు ఎవరికి అర్థమైనా కాకపోయినా మాట్లాడుతూనే ఉండేవాడు.

ఢిల్లీశ్వరినీ మమతనూ ఒకే గదిలో వేశారు. ఆ గదిలో వేడినీళ్ల గొట్టాలుండే ఇనప హీటరు ఒక్కటే, అది మమత మంచం పక్కన. వచ్చిన కొత్తలో ఢిల్లీశ్వరి చలికి ముడుచుకుని, ఏమీ అనలేక, గోడ వైపు తిరిగి పడుకునేది. ఒక రోజు మమత లేచి, ఏమీ అడగకుండా, ఆమె మంచాన్ని ఆమెతో సహా బరబరా ఈడ్చి తన మంచానికి ఆనించేసింది. "సచ్చిపోతవే పిల్లా, చెప్పరాదు?" అని తిట్టింది కూడా. అమ్మ తిట్టినట్టే ఉందనుకుని ఢిల్లీశ్వరి ఆ రోజు కడుపారా ఏడ్చింది. తరవాత ఇద్దరికీ కలిపి ఇచ్చిన ఎముకల సంచీ ముందేసుకుని, ఏది ఏ ఎముకో ఒకరికొకరు అప్పజెప్పుకుంటూ చదువుకున్నారు. ఆదివారాలు ఓబులేసు వచ్చి, "ఏందబ్బా, ఇంగా బొక్కలేనా?" అని కూర్చునేవాడు. ఆ చలి దేశంలో ఢిల్లీశ్వరికి ఇల్లంటే ఈ ఇద్దరే.

ఈ ముగ్గురి బాగోగులు చూడటానికి మండలి ఒక మనిషిని తారమిక్‌లోనే ఉంచింది. ఆయన సాంస్కృతిక సమన్వయ డైరెక్టరు పరాంకుశం గారు. ఆయనకు ఒక గది, ఒక గంట ఉండేవి. గంట కొడితే వచ్చే మనిషిని మాత్రం మండలి ఇంకా మంజూరు చేయలేదు. అయినా ఆయన గంట కొట్టి, కాసేపు ఆగి, తనే లేచి వెళ్లి ముగ్గురినీ పిలుచుకొచ్చాడు. ఉత్తర్వు చదివి వినిపించాడు.

"సదరు ఉత్తర్వు ప్రకారము మీరు ఒక్కొక్కరును ఒక్కొక్క విదేశీయుని సంపాదించుకొనవలెను."

"దాందేముంది సార్," అన్నాడు ఓబులేసు. "మెస్సులో వంటామె కొడుకు తిమూర్ ఉండాడు గదా. దినామూ నాతో వాలీబాల్ ఆడతాడు. మంచోడు."

"అతడు ఏ దేశస్థుడు?"

"ఈ దేశమే సార్."

"మనమిప్పుడు ఏ దేశములో నున్నాము?"

"ఈ దేశంలోనే."

"తన దేశములో తానున్నవాడు విదేశీయుడెట్లగును?"

ఢిల్లీశ్వరి మెల్లిగా అడిగింది. "మరైతే ఇక్కడ విదేశీయులు ఎవులండి?"

"ఇంకెవరు? మనమే."

ఢిల్లీశ్వరి మొహం వెలిగిపోయింది. "మరింకేటండి! మమత విదేశీయురాలే గదండి. మమతకీ నాకూ స్నేయమేనండి. గాఢమైందేనండి."

పరాంకుశం గారు జాలిగా చూశాడు. "అమ్మాయీ, ఈ మమత ఈ దేశము వారికి విదేశీయురాలు. నీకు కాదు. నీకు విదేశీయురాలు కావలెనన్నచో ఆమె వేరొక దేశమునకు చెందియుండవలెను. అది ఆమె ముందే చూసుకొనవలసినది."

అక్కడితో ఆగి ఉంటే ముగ్గురూ పెట్టెలు సర్దుకుని వెళ్లిపోయేవారు. కాని ముగ్గురూ వెళ్లిపోతే సమన్వయం చేయడానికి ఎవరూ ఉండరు, ఎవరూ లేకపోతే సమన్వయ డైరెక్టరూ ఉండడు. ఈ సంగతి పరాంకుశం గారికి భోజనం చేస్తుండగా తట్టింది. వెంటనే మండలికి సందేహం రాశాడు. "ఉన్న వనరులతోనే లక్ష్యమును సాధించవలెను" అని జవాబొచ్చింది.

ఉన్న వనరులు ముగ్గురు పిల్లలు. పరాంకుశం గారు ఒక పసుపు టోపీలో చీటీలు వేసి, విశ్వమంటే కనీసం రెండు ఖండాలైనా ఉండాలి కదా అని వివరించి, తలా ఒకటి తీయమన్నాడు. ఢిల్లీశ్వరికి 'స్వదేశము' వచ్చింది. ఓబులేసుకు స్విట్జర్లాండ్ వచ్చింది. మమతకు పెరూ వచ్చింది.

"సార్, ఈ పెరూ ఏడుంటది?" అంది మమత చీటీ అటూ ఇటూ తిప్పి.

"మీ దేశమెక్కడున్నదో మమ్ములనడుగుట సమంజసము కాదు," అన్నాడు పరాంకుశం గారు. ఆ క్షణం నుంచే ఆయన మమతను మీరు అనడం మొదలుపెట్టాడు. విదేశీయులతో మర్యాదగా ఉండాలని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇదంతా కాగితం మీద ముచ్చటేనని ముగ్గురూ అనుకున్నారు. కాగితం మీద ముచ్చట కాగితం మీదే ఉండిపోతుందని నమ్మే వయసు వాళ్లది. మరుసటి వారం మండలి నుంచి స్వాగత పత్రాలు వచ్చాయి, పెరూ దేశస్థురాలు కుమారి మమతకు ఒకటి, స్విట్జర్లాండ్ దేశస్థుడు శ్రీ ఓబులేసుకు ఒకటి. వాటి వెంటే మార్గదర్శక సూత్రాలు కూడా వచ్చాయి. విదేశీయులకు తెలుగు రాదు కనుక వారితో సంభాషణ దుబాసీ ద్వారానే జరగాలి. దుబాసీగా డైరెక్టరే వ్యవహరించాలి. సంభాషణ డైరెక్టరు గదిలో, గురువారాలు, డైరెక్టరు భోజనానంతరం జరగాలి.

మొదటి గురువారం ఢిల్లీశ్వరికి జ్వరం తగిలి అప్పుడే తగ్గింది. మమత ఆమె పక్కన కూర్చుంటూనే అడిగింది. "ఇంక జరం ఉన్నదానే? మందు మింగినవా?"

పరాంకుశం గారు గొంతు సవరించుకున్నాడు. "పెరూ దేశస్థురాలు మీ ఆరోగ్యమును గూర్చి కుశలప్రశ్న వేయుచున్నారు."

"నాకినిపించిందండి," అంది ఢిల్లీశ్వరి.

"వినిపించుట వేరు, అర్థమగుట వేరు. జవాబు చెప్పుము."

"తగ్గిపోనాదే. నువ్వు బెంగెట్టీసుకోకు."

పరాంకుశం గారు మమత వైపు తిరిగి ఒక క్షణం ఆలోచించాడు. ఆయనకు పెరూ భాష రాదు. కనుక అదే మాటను గ్రాంథికంలో చెప్పాడు. "జ్వరము ఉపశమించినది, తాము చింతించవలదు." ఆపైన చాలాసేపు ఓబులేసు నవ్వు ఆపుకోలేక దగ్గుతుంటే, స్విట్జర్లాండ్ వారికి ఇక్కడి చలి పడలేదేమోనని డైరెక్టరు గారు ఆందోళన పడ్డాడు.

తరవాత సరిహద్దు సమస్య వచ్చింది. స్వదేశీయురాలూ విదేశీయురాలూ ఒకే గదిలో ఉండటం ఏ చట్టం ప్రకారమని పరాంకుశం గారికి అనుమానం వచ్చి, సుద్దముక్క తెచ్చి గది మధ్యలో గీత గీశాడు. రెండు మంచాలనూ విడదీయించాడు. గీత గీశాక చూస్తే హీటరు పెరూలో పడింది. ఢిల్లీశ్వరి మళ్లీ చలిగోడ పక్కకు పోయింది. వేడి కావాలంటే ఆమె పెరూ వారిని అభ్యర్థించాలి, పెరూ వారు దుబాసీకి చెప్పాలి, దుబాసీ గురువారం దాకా దొరకడు. ఆయన తలుపు దాటగానే మమత కాలితో ఆ గీతను చెరిపేసి మంచం ఈడ్చుకొచ్చింది. మర్నాడు డైరెక్టరు గారు అది చూసి అదిరిపోయాడు. పెరూ స్వదేశాన్ని ఆక్రమించిందని మండలికి రాశాడు.

మండలి వాళ్లు కలవరపడి, విదేశీయులను పై అంతస్తులోని అతిథి గదులకు మార్చమన్నారు. మమత అక్కడికి వెళ్లింది. ఆ గదుల్లో వెచ్చదనం ధారాళంగా ఉంది, పరుపులు మెత్తగా ఉన్నాయి. విదేశీయులు కారం తినలేరు కనుక ఉడకబెట్టిన బంగాళాదుంపలూ రొట్టే పెట్టేవారు. మమత అవి తినలేక చిక్కిపోయింది. ఢిల్లీశ్వరి ఒక రోజు జేబులో కారప్పొడి పొట్లం పెట్టుకుని మెట్లెక్కుతూ దొరికిపోయింది. స్వదేశీ వస్తువును అనుమతి లేకుండా ఎగుమతి చేసినందుకు ఆమెకు మందలింపు పత్రం ఇచ్చారు. అదే పత్రంలో కింద, ఎగుమతులు పెంచడంలో చూపిన చొరవకు అభినందనలు కూడా తెలిపారు.

ఢిల్లీశ్వరికి నవ్వు రావడం ఆగిపోయింది. ఎముకలు ఆమె ఒక్కర్తే బల్ల మీద పరుచుకుని చదువుకుంటోంది, తప్పు చెబితే తిట్టే మనిషి లేదు. గురువారం ఎప్పుడొస్తుందా అని చూసేది. వచ్చాక మాటలన్నీ పరాంకుశం గారి నోట్లో పడి నలిగి బయటికొస్తుంటే ఏం మాట్లాడాలో తోచేది కాదు. "ఎలగున్నావే?" అనేది ఆమె. "మంచిగున్న," అనేది మమత. ఇద్దరూ బాగా లేరన్న సంగతి ఇద్దరికీ తెలుసు. కాని రికార్డుల్లో మాత్రం వాళ్ల స్నేహం వారం వారం గాఢమవుతూ వచ్చింది. చివరికి దాన్ని చూసి పోవడానికి మండలి ప్రత్యేకాధికారి చెన్నకేశవరావు గారు స్వయంగా బయలుదేరి వచ్చాడు.

ఆయన వచ్చిన రోజున పరాంకుశం గారు విదేశీయులను ముందు వరసలో కూర్చోబెట్టాడు. మెడకు దండలు వేశాడు. ప్రత్యేకాధికారి గారు మమత ముందు నిలబడి, చేతులు జోడించి, ఒక్కొక్క ఇంగ్లీషు మాటనూ విడదీసి, పెరూలో వాతావరణం ఎలా ఉందని అడిగాడు.

మమతకు విసుగు తలకెక్కి ఉంది. "సార్, నేను పెరూ పిల్లను కాను. మాది జగిత్యాల. ఈ సార్ చీటీలేసి నన్ను పెరూ జేసిండు."

చెన్నకేశవరావు గారి కళ్లు చెమర్చాయి. ఆయన పరాంకుశం గారి చేతులు పట్టుకున్నాడు. "అద్భుతము! ఏడాదిలో తెలుగు నేర్చుకొనుటయే గాక, జగిత్యాల యాసను కూడ పట్టుకొన్నది! మా కార్యాలయములో పుట్టి పెరిగిన వారికి సైతము ఈ యాస రాదు!"

"సార్, నిజంగనే..."

"చూచితిరా, ఆ 'నిజంగనే' అనుటలో ఎంత సహజత్వమున్నదో!"

మమత దండ తీసి కుర్చీ మీద పెట్టి కూర్చుంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ప్రత్యేకాధికారి గారు ఆ ఆనందంలోనే ఉండి, మాటవరసకు అడిగాడు. "ఈ విదేశీయుల చదువు ఖర్చు ఎవరు భరించుచున్నారు? వారి ప్రభుత్వములేనా?"

"లేదండి, మన మండలియే," అన్నాడు పరాంకుశం గారు.

చెన్నకేశవరావు గారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మన బిడ్డల నోటికందవలసినది పరదేశీయులు అనుభవించుచున్నారా? ఎప్పటి నుండి?"

పరాంకుశం గారికి అప్పుడు నిజం చెప్పే అవకాశం వచ్చింది. ఆయన దాని వైపు చూశాడు కూడా. చెబితే ఏడాది నుంచి ఆయన పంపిన నివేదికలన్నీ అబద్ధాలవుతాయి. చెప్పకపోతే ఒక పిల్ల పెరూ పోతుంది. ఆయన మజ్జిగ పోసుకున్నాడు. "మొదటి నుండియు," అన్నాడు.

సాయంత్రానికి ఉత్తర్వు తయారైంది. విదేశీయుల చదువుకు మండలి ఖర్చు పెట్టడం నిబంధనలకు విరుద్ధం. వారిని చదువు నుంచి తొలగించి, ఎవరి దేశానికి వారిని గౌరవంగా సాగనంపాలి. కుమారి మమతకు లీమా నగరానికి, శ్రీ ఓబులేసుకు జ్యూరిక్ నగరానికి విమానం టికెట్లు తీయాలి.

మమత ఏడుస్తూ పాస్‌పోర్టు తెచ్చి ప్రత్యేకాధికారి గారి ముందు పెట్టింది. ఆయన దాన్ని తెరవలేదు. "పాస్‌పోర్టన్నది వేరొక శాఖ వారి అభిప్రాయము. మా శాఖ మా రికార్డునే నమ్మవలెను," అన్నాడు. పక్కనే ఉన్న ఓబులేసు వైపు తిరిగాడు. "తమకు కూడ ఏమైన అభ్యంతరమా?"

"నాకేం అభ్యంతరం సార్?" అన్నాడు ఓబులేసు. "మాది స్విట్జర్లాండే. ఎప్పుడు పంపిస్తారు?"

ఢిల్లీశ్వరి ముందుకొచ్చి నిలబడింది. "అయ్యా, మమత మన పిల్లేనండి. నేను సాచ్చికం సెప్తానండి. నన్నడగండి."

ప్రత్యేకాధికారి గారు న్యాయమంటే ఇష్టం ఉన్న మనిషే. విచారణకు ఒప్పుకున్నాడు. పరాంకుశం గారి గదిలో కుర్చీలు వేయించి, గంట బల్ల మీద పెట్టించి, నియమాలు వివరించాడు. మండలి విద్యార్థి పుట్టుపూర్వోత్తరాల గురించి మండలి విద్యార్థి మాత్రమే సాక్ష్యం చెప్పవచ్చు, సొంత ఖర్చుల వాళ్లకు ఆ అర్హత లేదు. స్విట్జర్లాండ్ వారికి మన దేశపు విషయాల్లో కల్పించుకునే హక్కు లేదు. ఇక మిగిలింది ఢిల్లీశ్వరి.

"అయితే ఒక చిక్కున్నది," అన్నాడు ఆయన. "స్నేహితుల సాక్ష్యము పక్షపాతము. అది చెల్లదు. రికార్డు ప్రకారము మీరిరువురును గాఢమైన స్నేహితులు. ఇప్పుడు చెప్పుము. ఈమె నీకు స్నేహితురాలా, కాదా?"

ఢిల్లీశ్వరికి సంగతి అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఔనంటే తన చదువు నిలబడుతుంది, పెరూ స్నేహితురాలు ఉన్న పిల్లగా తను డాక్టరవుతుంది, మమత మాత్రం భాష తెలియని ఊళ్లో, ఎవరూ లేని చోట విమానం దిగుతుంది. కాదంటే మమత ఉంటుంది. మమత ఆమె వైపే చూస్తూ తల అడ్డంగా ఊపుతోంది. "వద్దే ఢిల్లీ, చెప్పకు," అంది లోగొంతుకతో.

"విదేశీయురాలు ఏమనుచున్నది?" అన్నాడు ప్రత్యేకాధికారి.

పరాంకుశం గారు నేల చూపులు చూస్తూ, "సరిగా వినబడలేదండి," అన్నాడు. ఆ ఏడాదిలో ఆయన చేసిన మంచి పని అదొక్కటే.

"కాదండి," అంది ఢిల్లీశ్వరి. "మమత నాకు స్నేయితురాలు కాదండి."

"ఎప్పుడైనను?"

"ఎప్పుడూ కాదండి."

"గాఢముగా కాకపోయినను, కనీసము..."

"పైపైన కూడా నేదండి. ఒక గదిలో పడీసారు, అంతేనండి. ఆ పిల్ల జగిత్యాల పిల్ల, అది మాత్రం నాకు తెలుసండి."

అబద్ధం చెప్పడం ఇంత కష్టమని ఆమెకు అంతకు ముందు తెలియదు. ఒక్కో మాటా లోపల ఎక్కడో తగులుకుని, దేన్నో చీల్చుకుని వచ్చింది. ప్రత్యేకాధికారి గారు గంట కొట్టాడు. సాక్ష్యం నిష్పాక్షికంగా ఉన్నందున ఆమోదించాడు, మమత ఆ నిమిషం నుంచి జగిత్యాల వాస్తవ్యురాలైంది. ఆయన ఆమెకు శుభాకాంక్షలు చెప్పి, మన దేశానికి స్వాగతం పలికాడు. మమతకు విదేశీ స్నేహం ఉందా అని కూడా చూశారు. గురువారాల రికార్డులో ఉంది, స్విట్జర్లాండ్ వారితో. ఆమె చదువుకు ఢోకా లేదు.

"ఇక నీ సంగతి," అన్నాడు ఆయన ఢిల్లీశ్వరితో. "నీకు రికార్డులో ఉన్న ఒకే ఒక్క స్నేహమును నీ నోటితోనే కాదంటివి. విశ్వమైత్రి కొరకు మండలి ఇంత దూరము పంపగా, ఏడాది పొడుగునా ఒక్క మనిషితోనైనను స్నేహము చేయలేకపోతివి. ఇట్టి హృదయము లేని వారు రేపు రోగులనేమి చూతురు? నిన్ను వెనుకకు పంపుచున్నాము."

మమత కుర్చీ వెనక్కి తోసి లేచింది. ఆమె నోరు విప్పేలోగా ఓబులేసు చెయ్యి పట్టి కూలేశాడు. "కూచో మమతా, నీకు దండం పెడ్తా," అన్నాడు చెవిలో. "ఇప్పుడు నువ్వు స్నేహితురాలంటే ఆ పాప సాక్ష్యం చెల్లదు. నువ్వు పెరూకు పోతావు, ఆ పాపను అబద్ధాలకోరని ఎట్లాగూ పంపిస్తారు. నేనెందుకు స్విట్జర్లాండ్ అని గమ్మునుండా అనుకుంటివి? నీకొక విదేశీయుడన్నా మిగలల్ల గదా." మమత రెండు చేతులతో మొహం కప్పుకుంది. జ్యూరిక్ విమానం దిగాక ఓబులేసు గతేమిటన్నది స్విట్జర్లాండ్ ప్రభుత్వం చూసుకోవలసిన విషయమని మండలి అప్పటికే తేల్చేసింది.

ప్రయాణం రోజున మరో నియమం బయటపడింది. వెనక్కి పంపే విద్యార్థిని విమానాశ్రయం దాకా దిగబెట్టడానికి తోడుగా ఒక విద్యార్థిని వెళ్లాలి. దారిలో కన్నీళ్లూ కావలింతలూ లేకుండా ఉండేందుకు, ఆ తోడు వెళ్లే మనిషికి ఆ అమ్మాయితో ఏ స్నేహమూ ఉండకూడదు. పరాంకుశం గారు వెతికాడు. హాస్టల్లో ప్రతి పిల్లా ఢిల్లీశ్వరితో కొంచెమో గొప్పో స్నేహం ఉన్నదే. స్నేహం లేదని విచారణలో సాక్షాత్తూ రుజువైన మనిషి ఒక్కతే ఉంది. ఆమెనే నియమించారు.

వ్యానులో ముందు సీట్లో ప్రత్యేకాధికారి గారు కూర్చున్నాడు, ఆయనదీ అదే విమానం. వెనక ఢిల్లీశ్వరీ మమతా చెరో కిటికీ దగ్గర కూర్చున్నారు. మధ్యలో పెట్టె. వ్యాను కొండ దారి పట్టింది. ప్రత్యేకాధికారి గారు ఒకసారి వెనక్కి చూసి, కన్నీళ్లేమీ లేవని తృప్తిపడి, అటు తిరిగాడు.

అప్పుడు మమత గొంతు సవరించుకుంది. "మీదే ఊరండి?" అంది గట్టిగా.

ఢిల్లీశ్వరి ఆమె వైపు చూసింది. కాసేపటికి అర్థమైంది. "టెక్కలండి. శ్రీకాకులం దగ్గర."

"పేరు?"

"ఢిల్లీశ్వరండి."

"ఇదేం పేరండి? మీరు ఢిల్లీల పుట్టిండ్రా?"

"నేదండి, మా కాడ ఇలగే ఎట్టుకుంతారు. తమరిదేవూరండి?"

"జగిత్యాలండి. మా నాయన బీడీల కంపెనీల పని చేస్తడు. మీ ఇంట్ల ఎవరెవరుంటరు?"

ఢిల్లీశ్వరి చెప్పింది. అమ్మ జీడిపప్పు కొట్టే పనికి వెళ్తుందని చెప్పింది. తమ్ముడి పేరు చెప్పింది, వాడికి లెక్కలు రావని చెప్పింది. ఇవన్నీ మమతకు తెలిసినవే, అయినా మొదటిసారి వింటున్నట్టు ఒక్కోటీ అడిగి చెప్పించుకుంది. పెద్ద ఎముకల పేర్లు వచ్చా అని అడిగింది. ఢిల్లీశ్వరి అప్పజెబుతూ ఒకచోట తప్పు చెప్పింది. "నీ మొకం," అంది మమత, వెంటనే నాలుక కరుచుకుని, "మీ మొకం" అని దిద్దుకుంది. ఇద్దరికీ నవ్వాగలేదు. నవ్వుతుండగానే మమత అడిగింది. "అయితే ఇప్పుడు ఎటు పోతున్నరండి?"

"ఇంటికెలిపోతన్నానండి."

"ఎందుకు?"

ఢిల్లీశ్వరి నవ్వు ఆగిపోయింది. "నాకు స్నేయితులు ఎవులూ నేరంటండి. అందుకని పంపించెస్తన్నారు."

మమత మధ్యలో ఉన్న పెట్టెను ఎత్తి కింద పెట్టేసి ఆమె పక్కకు జరిగింది. "నేనుంట," అంది. ఇక ఆపుకోవడం ఇద్దరి వల్లా కాలేదు. ఒకరి మెడ ఒకరు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చారు.

విమానాశ్రయం దగ్గర వ్యాను ఆగింది. ప్రత్యేకాధికారి గారు వెనక్కి తిరిగి చూసి నిర్ఘాంతపోయాడు. "ఏమిటిది? మీ ఇరువురికిని ఎట్టి స్నేహమును లేదని వాంగ్మూలమున్నది గదా?"

"అప్పుడు లేకుండె సార్," అంది మమత కళ్లు తుడుచుకుంటూ. "ఇప్పుడే అయింది. బండిల."

ఆయన అక్కడే నిలబడి సంచీలోంచి ఉత్తర్వు తీసి, వేలు పెట్టి వరసగా చూసుకుంటూ పోయాడు. ఈ పక్క తిప్పాడు, ఆ పక్క తిప్పాడు. చివరికి ఊపిరి పీల్చుకున్నాడు. "ఇది స్వదేశీ స్నేహము. పైగా గడువు దాటినది. దీనిని మండలి గుర్తించదు."

"గుర్తించకున్రి సార్," అని మమత పెట్టెకు ఒక పక్క పట్టుకుంది. రెండో పక్క ఢిల్లీశ్వరి పట్టుకుంది.